పీటీ, ఓటీ, స్పీచ్ థెరపీ సీటుకి డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఎలా తయారవ్వాలి

"మా అమ్మాయి ఫిజికల్ థెరపీ చేస్తానంటోందండీ. ఏ మేజర్ తీసుకుంటే సీటు వస్తుంది?"

గుడిలో ప్రసాదం తింటూ ఒకరు, పుట్టినరోజు పార్టీలో ఇంకొకరు, వాట్సాప్‌లో నెలకి ఇద్దరు ముగ్గురు అడిగే ప్రశ్న ఇదే. నేను ఇక్కడ అమెరికాలో ఒక ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా (పీటీ) పనిచేస్తున్నాను. ఏటా వేసవిలో కొంతమంది కాలేజీ పిల్లలు నా పక్కన నిలబడి పని చూస్తారు. వాళ్ళ ఫారాల మీద సంతకం పెట్టేది, కొందరికి రికమెండేషన్ లెటర్ రాసేది నేనే. అడిగిన ప్రతి ఇంటికీ అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. 'మీరు' అన్నప్పుడల్లా డిగ్రీ చదువుతున్న పిల్లలతోనే మాట్లాడుతున్నాను. పిల్లలకి తెలుగు చదవడం రాకపోతే అమ్మానాన్నలు చదివి చెప్పండి.

ప్రశ్నకి సూటి జవాబు: ఏ మేజర్ అయినా పర్లేదు. మన పెద్దవాళ్ళు ఎంసెట్‌తో పెరిగారు కాబట్టి ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగ్ ఉంటాయనుకుంటారు. ఇక్కడ ఆ ర్యాంకు లేదు. గుర్తింపు ఉన్న డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) ప్రోగ్రాములు మూడు వందలకి అటూ ఇటూగా ఉంటే దేని లెక్క దానిదే. ఒకరికి ఫిజిక్స్ రెండు సెమిస్టర్లు కావాలి, ఇంకొకరికి జీఆర్ఈ అక్కర్లేదు, మరొకరు హాస్పిటల్లో థెరపిస్టు పని చూసిన గంటలు లేకపోతే అప్లికేషన్ పక్కన పెట్టేస్తారు. మార్కులు బాగా ఉండి కూడా సీటు పోగొట్టుకున్న పిల్లల్లో నేను ఎక్కువగా చూసింది ఒకటే పొరపాటు: ఏ స్కూలు ఏం అడుగుతుందన్న జాబితాలు మూడో ఏడాది చివర్లో మొదటిసారి తెరిచారు.

ఏ దారి ఎంత పొడవు

ఫిజికల్ థెరపీకి డిగ్రీ తర్వాత సుమారు మూడేళ్ళ డీపీటీ. 2015 చివరి నుంచి గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ డాక్టరేటే ఇస్తోంది, పీటీలో కొత్తగా మాస్టర్స్ చేసే దారి లేదు. ఆక్యుపేషనల్ థెరపీలో (ఓటీ) రెండు దారులున్నాయి: రెండు, రెండున్నరేళ్ళ మాస్టర్స్ లేదా మూడేళ్ళ డాక్టరేట్. లైసెన్స్ పరీక్ష రెంటికీ ఒకటే. పాఠాలు చెప్పాలనో రీసెర్చ్ చేయాలనో లేకపోతే మాస్టర్స్ చాలని నా ఉద్దేశం, ఖర్చూ తక్కువే. స్పీచ్ థెరపీకి రెండేళ్ళ మాస్టర్స్, ఆ పైన కనీసం 36 వారాలు, 1,260 గంటల క్లినికల్ ఫెలోషిప్. వినికిడి వైపు వెళ్ళే ఆడియాలజీకి మాత్రం డాక్టరేట్ కావాలి, సాధారణంగా నాలుగేళ్ళు.

ఈ మూడింటికీ తేడా అడిగితే ఒకే పక్షవాతం పేషెంటుని తీసుకుని చెబుతాను. ఆయన్ని మంచం మీంచి లేపి, నిలబెట్టి, నడిపించేది పీటీ. ఒక్క చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం, బాత్రూమ్‌లో పడకుండా స్నానం చేయడం నేర్పేది ఓటీ. మాట తిరిగి తెప్పించేదే కాక, మంచినీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా మింగగలుగుతున్నారా లేదా అని చూసేది కూడా స్పీచ్ థెరపిస్టే. ఈ చివరిది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. నత్తి సరిచేసే పని అనుకుంటారు.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక స్ప్రెడ్‌షీట్. గూగుల్ షీట్ అయితే ఇంట్లోవాళ్ళు కూడా చూడొచ్చు.
- చదివిన ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ ద్వారా తీసుకున్న డ్యూయల్ క్రెడిట్ కోర్సులది కూడా.
- ప్రతి సైన్స్ కోర్సు సిలబస్, పీడీఎఫ్‌గా. కోర్సు పేరు చూసి అనుమానం వస్తే స్కూళ్ళు అడిగేది ఇదే. సెమిస్టర్ అయిపోయాక కాలేజీ పోర్టల్‌లోంచి మాయమైపోతుంది, ముందే దించుకోండి.
- అబ్జర్వేషన్ గంటల లాగ్. ఎలా రాయాలో కింద ఉంది.
- టీబీ టెస్ట్, ఫ్లూ షాట్, చిన్నప్పటి టీకాల కాగితాలు. హాస్పిటల్లో నిలబడాలంటే ఇవి ముందు అడుగుతారు.
- అప్లికేషన్ ఖర్చు. మొదటి స్కూలుకే వంద డాలర్లు దాటుతుంది, తర్వాత ఒక్కో స్కూలుకీ అదనం. కొన్ని స్కూళ్ళు విడిగా తమ ఫీజు కూడా అడుగుతాయి.

1. ముందు ఇరవై గంటలు పని చూడండి

మొదటి ఏడాది శీతాకాలం సెలవుల్లోనో వేసవిలోనో చేయండి. సీటు కోసమని కాదు, ఈ పని మీకు పడుతుందా లేదా అన్నది తేల్చుకోవడానికి. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడి మోకాలు దెబ్బ తిని పీటీకి వెళ్ళినవాళ్ళకి పీటీ అంటే ఆటగాళ్ళ వైద్యం అనే బొమ్మ ఉంటుంది. ఉద్యోగంలో చేరాక ఎదురయ్యేది ఎక్కువగా పెద్దవాళ్ళే. అందుకే పది గంటలు ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో, పది గంటలు పెద్దవాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో గానీ హాస్పిటల్లో గానీ చూడండి. ఎనభై కిలోల మనిషికి నడుము చుట్టూ గెయిట్ బెల్ట్ కట్టి, మూత్రం సంచీ లాగకుండా చూసుకుంటూ, ఆయన తిట్టే తిట్లు వింటూ, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం ఒకసారి దగ్గర నుంచి చూడాలి.

సరిచూసుకోవడం ఇలా: ఇంటికొచ్చాక మళ్ళీ వెళ్ళాలనిపించిందా? థెరపిస్టు రోజు చివర్లో గంటసేపు నోట్స్ టైప్ చేయడం చూసి కూడా అలాగే అనిపించిందా? అవును అంటే ముందుకు వెళ్ళండి. కాదంటే ఇరవై గంటలే పోయాయి.

2. పది స్కూళ్ళు ఎంచుకుని షీట్ నింపండి

రెండో ఏడాది మొదలయ్యేలోపు ఈ పని అయిపోవాలి. మీ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలు నాలుగైదు, పక్క రాష్ట్రాలవి రెండు మూడు, ప్రైవేటువి రెండు మూడు పెట్టుకోండి. ఒక్కో స్కూలుకీ ఒక వరస. నిలువు గడుల్లో కావలసిన కోర్సులు, కనీస జీపీఏ, గంటలెన్ని, ఏ సెట్టింగుల్లో, లెటర్లు ఎవరివి, జీఆర్ఈ ఉందా, కోర్సులకి కాలపరిమితి ఉందా, హైస్కూల్లో చేసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల క్రెడిట్ తీసుకుంటారా, ఫీజు ఎంత, చివరి తేదీ ఎప్పుడు.

ఇంకో రెండు గడులు తప్పకుండా ఉండాలి. ఒకటి గుర్తింపు. అది ఇచ్చే సంస్థలు పీటీకి క్యాప్టీ, ఓటీకి ఏకోట్, స్పీచ్‌కి ఆషా (స్పీచ్, వినికిడి నిపుణుల జాతీయ సంఘం) కింద ఉండే సీఏఏ. గుర్తింపు లేని ప్రోగ్రాములో చదివితే లైసెన్స్ దగ్గర ఆగిపోతారు. కొత్త ప్రోగ్రాములు 'క్యాండిడేట్' హోదాలో ఉంటాయి, అంటే పూర్తి గుర్తింపు ఇంకా రాలేదని. చేరకూడదని అనను, కానీ మీ బ్యాచ్ బయటికి వచ్చేలోపు రాకపోతే ఏం చేస్తారో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రెండోది ఫలితాలు. ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమంది లైసెన్స్ పరీక్ష పాసయ్యారు అన్న లెక్కలు ప్రతి ప్రోగ్రామూ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎంత వెతికినా దొరక్కపోతే ఆ స్కూలు గురించి అదొక సమాచారమే.

హెచ్చరిక: ఈ షరతులు ఏటా మారతాయి. అక్క మూడేళ్ళ కింద అప్లై చేసినప్పటి జాబితా తమ్ముడికి పనికిరాదు. ప్రతి ఆగస్టులో షీట్ మళ్ళీ సరిచూసి, చూసిన తేదీ వేసుకోండి.

3. కోర్సులు వరసలో పెట్టండి

డీపీటీకి చాలాచోట్ల అడిగేవి: ల్యాబ్‌తో సహా అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, బయాలజీ, కెమిస్ట్రీ రెండేసి, ఫిజిక్స్ రెండు, స్టాటిస్టిక్స్ ఒకటి, సైకాలజీ ఒకటో రెండో. ఓటీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ అడిగేవి తక్కువ. దాని బదులు మనిషి ఎదుగుదల గురించిన డెవలప్‌మెంటల్ సైకాలజీ, ఆబ్‌నార్మల్ సైకాలజీ, సోషియాలజీ లేదా ఆంత్రోపాలజీ ఉంటాయి. స్పీచ్ దారి వేరు. డిగ్రీలోనే కమ్యూనికేషన్ సైన్సెస్ మేజర్ అయితే సులువు. వేరే మేజర్ అయితే ఫొనెటిక్స్, మాట్లాడే అవయవాల అనాటమీ, పిల్లల్లో భాష ఎదుగుదల, ఆడియాలజీ పరిచయం లాంటి 'లెవలింగ్' కోర్సులు విడిగా చేయాలి. వీటికి తోడు సర్టిఫికేషన్ కోసం బయాలజీ, స్టాటిస్టిక్స్, ఒక సోషల్ సైన్స్, ఫిజిక్స్ గానీ కెమిస్ట్రీ గానీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండాలి.

వరస ఇలా పెట్టుకుంటే ఊపిరి ఆడుతుంది: మొదటి ఏడాది బయాలజీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్. రెండో ఏడాది కెమిస్ట్రీ, అనాటమీ ఫిజియాలజీ. మూడో ఏడాది ఫిజిక్స్. అప్లికేషన్ పంపే నాటికి ఒకటి రెండు కోర్సులకి మించి మిగలకూడదు. మిగిలినవి ఎన్ని ఉండొచ్చో కొన్ని స్కూళ్ళు పరిమితి పెడతాయి, అదీ షీట్‌లో రాసుకోండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

ఏపీ క్రెడిట్. హైస్కూల్లో ఏపీ బయాలజీలో అయిదు వచ్చింది కాబట్టి ఆ కోర్సు అయిపోయిందని సంతోషపడతారు. మీ కాలేజీ ఒప్పుకున్నా గ్రాడ్ స్కూలు ఒప్పుకోవాలని లేదు. సైకాలజీకో స్టాటిస్టిక్స్‌కో ఒప్పుకుని, ల్యాబ్ సైన్సులకి ఒప్పుకోని స్కూళ్ళు ఉన్నాయి. అలాంటిచోట అదే సబ్జెక్టులో పై స్థాయి కోర్సు ఒకటి చేస్తే సరిపోతుందేమో అడగండి.

తేలిక ఫిజిక్స్. ఆల్జీబ్రాతో చెప్పే ఫిజిక్స్ సాధారణంగా చాలు, కాల్క్యులస్‌ది అక్కర్లేదు. కానీ సైన్స్ మేజర్లు కానివాళ్ళ కోసం పెట్టిన ఫిజిక్స్, కెమిస్ట్రీ కోర్సులు చెల్లవు. పేర్లు చాలా దగ్గరగా ఉంటాయి. కోర్సు వివరణలో 'నాన్ సైన్స్ మేజర్ల కోసం' అని ఉందేమో చూడండి.

జత విడగొట్టడం. అనాటమీ ఫిజియాలజీ ఒకటి ఒక కాలేజీలో, రెండు ఇంకో కాలేజీలో చేస్తే పాఠాలు కొన్ని రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఒకచోట అనాటమీ విడిగా, ఫిజియాలజీ విడిగా చెబుతారు, మరోచోట రెండూ కలిపి. ఒకే కాలేజీలో జతగా పూర్తిచేయండి.

సి మైనస్. డిగ్రీకి అది పాస్. చాలా గ్రాడ్ ప్రోగ్రాములకి కాదు.

కాలం చెల్లిన కోర్సులు. ముఖ్యంగా అనాటమీ ఫిజియాలజీని అయిదేళ్ళలోనో పదేళ్ళలోనో చేసి ఉండాలనే స్కూళ్ళు ఉన్నాయి. మధ్యలో ఉద్యోగం చేసి వెనక్కి వచ్చేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

కమ్యూనిటీ కాలేజీలో వేసవిలో చేయొచ్చా? చాలా స్కూళ్ళకి అభ్యంతరం లేదు, డబ్బూ మిగులుతుంది. కానీ ఆరు వారాల వేసవి కోర్సులో అనాటమీ ఫిజియాలజీ తీసుకోవద్దు. రెండు వందలకి పైగా ఎముకలు, కండరాలు, వాటి నరాలు ఆరు వారాల్లో మింగితే, డీపీటీలో శవం ముందు నిలబడిన మొదటి వారమే తెలిసిపోతుంది. సైకాలజీ, సోషియాలజీ వేసవికి పెట్టుకోండి.

4. మేజర్ ఎంచుకోండి

కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), ఎక్సర్‌సైజ్ సైన్స్, బయాలజీ అయితే కోర్సులు వాటంతటవే కలిసిపోతాయి. సైకాలజీ అయితే ఓటీకి బాగా అతుకుతుంది. సంగీతం మేజర్ చేసి కోర్సులు విడిగా పూర్తిచేసి డీపీటీకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. సీటు రాకపోతే ఆ డిగ్రీతో బతకగలరా అని ఒక్కసారి ఆలోచించుకుని, మార్కులు బాగా తెచ్చుకోగలిగింది తీసుకోండి.

పీటీ అసిస్టెంట్ డిగ్రీ ముందు చేసి తర్వాత డీపీటీకి వెళ్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. మంచి ఉద్యోగమే గానీ అది మెట్టు కాదు. ఆ కోర్సులు సాధారణంగా డీపీటీ ప్రీరెక్విజిట్‌ల (చేరకముందే చేయాల్సిన కోర్సుల) కింద లెక్కకి రావు.

5. జీపీఏ మీరే లెక్కపెట్టుకోండి, వాళ్ళ పద్ధతిలో

పీటీకి పీటీక్యాస్, ఓటీకి ఓటీక్యాస్, స్పీచ్‌కి సీఎస్‌డీక్యాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ వ్యవస్థలు ఉన్నాయి. అవి మీ కాలేజీ చెప్పిన జీపీఏని తీసుకోవు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతాయి. ఒకే కోర్సు రెండుసార్లు చేస్తే రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి.

ఉదాహరణకి, అనాటమీ ఫిజియాలజీ నాలుగు క్రెడిట్లు, సి వచ్చింది. మళ్ళీ చేస్తే ఏ వచ్చింది. కాలేజీలో గ్రేడ్ రీప్లేస్‌మెంట్ ఉంటే పాతది కొట్టేసి 4.0 చూపిస్తారు. పీటీక్యాస్‌లో 8 క్రెడిట్లకి 24 పాయింట్లు, అంటే 3.0. మూడో ఏడాదిలో ఈ తేడా తెలిసి ఇంట్లో ఎంత టెన్షన్ పడతారో నేను చూశాను.

ఇంకో లెక్క. 60 క్రెడిట్లకి మీ జీపీఏ 2.9 ఉందనుకోండి. తర్వాతి 30 క్రెడిట్లలో అన్నీ ఏలే తెచ్చుకున్నా 3.27 దగ్గర ఆగుతుంది, 3.3 కూడా తాకదు. అందుకే మొదటి ఏడాది మార్కులు 'తర్వాత సర్దుకోవచ్చు' రకం కాదు. క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీ అయితే ప్రతి క్వార్టర్ క్రెడిట్‌నీ 0.667తో గుణించి సెమిస్టర్ క్రెడిట్‌గా మార్చుకోండి.

డి వచ్చేలా ఉంటే గడువులోపు కోర్సు మానేసి డబ్ల్యూ (విత్‌డ్రాయల్) తీసుకోండి. అది జీపీఏలోకి రాదు. ఒక డబ్ల్యూని ఎవరూ పట్టించుకోరు, నాలుగైతే ఇంటర్వ్యూలో అడుగుతారు.

చాలా ప్రోగ్రాములు కనీసం 3.0 అని రాస్తాయి. అది గుమ్మం మాత్రమే. లోపల ఎవరు కూర్చున్నారో తెలియాలంటే పోయినసారి చేర్చుకున్న బ్యాచ్ సగటు జీపీఏ చూడండి. చాలా స్కూళ్ళు వెబ్‌సైట్‌లో పెడతాయి.

6. అబ్జర్వేషన్ గంటలు

కొన్ని స్కూళ్ళకి ఒక్క గంటా అక్కర్లేదు, కొన్నింటికి వంద దాటాలి. మీ పది స్కూళ్ళలో ఎక్కువ అడిగినదాన్ని లక్ష్యంగా పెట్టుకుని రెండు మూడు సెట్టింగుల్లో పంచండి. అన్నీ ఒకే ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో చేయడమే ఎక్కువమంది చేసే తప్పు, ఎందుకంటే అది దొరకడం తేలిక. హాస్పిటల్ కావాలంటే వాలంటీర్ ఆఫీసు ద్వారా వెళ్ళాలి. ఫారాలు, టీబీ టెస్ట్, పేషెంట్ల వివరాలు బయటపెట్టకూడదనే హిపా శిక్షణ అన్నీ అయ్యేసరికి నెల, రెండు నెలలు పట్టొచ్చు. వేసవికి కావాలంటే మార్చిలోనే మొదలుపెట్టండి.

క్లినిక్‌కి ఎలా అడగాలి? ఈమెయిల్ పంపి కూర్చుంటే జవాబు రాదు. మధ్యాహ్నం ఒకటీ రెండింటి మధ్య స్వయంగా వెళ్ళి రిసెప్షన్‌లో అడగండి. ఏ రోజుల్లో, ఏ గంటల్లో, ఎన్నివారాలు వస్తారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఉదయం ఎనిమిదింటికీ సాయంత్రం అయిదింటికీ వెళ్ళొద్దు, అప్పుడు మేం పరుగులో ఉంటాం.

అక్కడికి వెళ్ళాక ఏం చేయాలి? ఒక వేసవిలో ఒక అబ్బాయి వచ్చాడు. మోకాలి మార్పిడి జరిగి మూడో వారంలో ఉన్న ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని పాదాన్ని వెనక్కి జరుపుతున్నారు. కీలు వంపు కొలిచే గోనియోమీటర్ పెడితే 84 డిగ్రీలు. ఇంకోసారి జరపమన్నాను. పాదం ఇంకో రెండంగుళాలు వెనక్కి పోయింది, ఆయన ముఖం వెలిగింది. కొలిస్తే మళ్ళీ 84. ఆ అబ్బాయి అప్పుడేమీ అనలేదు. ఆయన వాకర్ పట్టుకుని తలుపు దాటాక అడిగాడు: "పాదం వెనక్కి వెళ్ళినా అంకె మారలేదు. ఆయన ఆ వైపు నడుము వెనక్కి తిప్పారు, అందుకేనా?" అందుకే. ఆ ఒక్క ప్రశ్న మీద సగం లెటర్ రాశాను. అదే నెలలో ఇంకొకరు నలభై గంటలు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుని వెళ్ళారు. గంటలకి సంతకం పెట్టాను. లెటర్ అడిగితే రాయలేనని చెప్పాను.

పేషెంటు తెలుగువాళ్ళయితే పలకరించండి, వాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. అనువాదం మాత్రం చేయకండి. నొప్పి, మందుల విషయాలకి క్లినిక్ తరఫున శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఉండాలి, అబ్జర్వర్ చేయాల్సిన పని కాదు.

లాగ్‌లో ఒక వరస ఇలా ఉండాలి: తేదీ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎన్ని గంటలు, సెట్టింగ్, థెరపిస్టు పేరు, లైసెన్స్ నంబరు, ఈమెయిల్, సంతకం, చూసినదాని గురించి ఒక వాక్యం. పేషెంటు పేరు, ఫొటో ఎక్కడా ఉండకూడదు. సంతకం చివరి రోజే తీసుకోండి. థెరపిస్టులు ఉద్యోగాలు మారతారు, ఏడాది తర్వాత ఫోన్ చేస్తే ఆ మనిషి వేరే రాష్ట్రంలో ఉంటారు.

స్పీచ్ వాళ్ళకి ప్రత్యేకంగా: సర్టిఫికేషన్‌కి కావలసిన 400 క్లినికల్ గంటల్లో 25 అబ్జర్వేషన్‌వి. డిగ్రీలో చేసినవి కూడా లెక్కకి రావచ్చు గానీ, ఆషా సర్టిఫికెట్ ఉన్న స్పీచ్ థెరపిస్టు మార్గదర్శనంలో జరిగి, కాగితం ఉంటేనే.

7. లెటర్లు

మామూలుగా రెండు నుంచి నాలుగు అడుగుతారు. సైన్స్ ప్రొఫెసర్ ఒకరు, ఆ రంగంలో థెరపిస్టు ఒకరు దాదాపు తప్పనిసరి. మూడు వందల మంది ఉండే క్లాసులో ఏ వచ్చినా ప్రొఫెసర్‌కి మీ పేరు తెలియదు. ఒక సెమిస్టర్‌లో ఒక్క ప్రొఫెసర్‌ని ఎంచుకుని వారం వారం ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళండి, నిజంగా అర్థం కాని ప్రశ్నతో.

అమ్మానాన్నలకి ఒక మాట. ఫ్యామిలీ ఫ్రెండ్ అయిన పీటీ అంకుల్‌తోనో ఆంటీతోనో లెటర్ రాయించకండి. బంధువులు, ఇంటి స్నేహితులు రాయకూడదని చాలా స్కూళ్ళు స్పష్టంగా చెబుతాయి. నన్నూ అడుగుతారు, నేనూ వద్దంటాను. కావాలంటే నాకు తెలిసిన వేరే క్లినిక్‌కి పంపుతాను.

లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్ పెట్టండి. పెట్టకపోతే ఆ లెటర్‌కి విలువ తగ్గుతుంది. గడువుకి ఆరు వారాల ముందు అడగండి.

8. వ్యాసం, జీఆర్ఈ

పీటీక్యాస్ వ్యాసానికి ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలే చోటు. "చిన్నప్పుడు నా మోకాలికి దెబ్బ తగిలింది" అని మొదలయ్యేవి కమిటీలు కుప్పలుగా చదువుతాయి. మీ లాగ్ తెరిచి, రాసుకున్న వాక్యాల్లో మిమ్మల్ని ఆలోచనలో పడేసిన పేషెంటుతో మొదలుపెట్టండి. అమ్మమ్మగారి స్ట్రోక్ గురించి రాయాలనుకుంటే ఆవిడ బాధ కన్నా ఆ థెరపిస్టు ఏం చేశారో రాయండి.

జీఆర్ఈ చాలా స్కూళ్ళు తీసేశాయి. మీ పదింటిలో ఒక్కదానికే కావాలంటే ఆ స్కూలునే మార్చేసుకోండి. రెండు మూడిటికి కావాలంటే మూడో ఏడాది శీతాకాలం సెలవుల్లో రాసేయండి.

9. అప్లికేషన్ పంపడం

పీటీక్యాస్ మీరు చేరబోయే ఏడాదికి ముందు ఏడాది జూన్ మధ్యలో తెరుచుకుంటుంది. ఓటీక్యాస్ జూలైలో, సీఎస్‌డీక్యాస్ వేసవి చివర్లో. పీటీలో చాలా స్కూళ్ళు వచ్చిన అప్లికేషన్‌ని వచ్చినట్టే చూసి సీట్లు ఇస్తూ పోతాయి. చివరి తేదీ అక్టోబర్ అని ఉన్నా ఆగస్టులోపు పంపండి.

కోర్సులన్నీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించాలి. ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని ఇద్దరు కూర్చోండి, ఒకరు చదవండి, ఒకరు టైప్ చేయండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి అప్లికేషన్ నాలుగు వారాలు వెనక్కి పోయింది. కారణం, పదకొండో తరగతిలో చేసిన ఒక్క డ్యూయల్ క్రెడిట్ ఇంగ్లీష్ కోర్సు. ఆ కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ రాలేదు. గ్రేడు మీ యూనివర్సిటీ కాగితం మీద కనిపిస్తున్నా, ఇచ్చిన కాలేజీ నుంచి విడిగా రావాలి.

పని అయిందో లేదో చూసుకోవడం: సబ్మిట్ నొక్కగానే అయిపోలేదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లు అందినట్టు, లెటర్లు వచ్చినట్టు, చివరికి 'వెరిఫైడ్' అని కనిపించేదాకా వారానికి రెండుసార్లు లాగిన్ అవ్వండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

10. ఇంటర్వ్యూ

చాలాచోట్ల చిన్న చిన్న గదుల్లో ఒక్కో ప్రశ్నకి కొన్ని నిమిషాల పద్ధతి. "మీ తోటి విద్యార్థి కాపీ కొట్టడం చూశారు, ఏం చేస్తారు?" లాంటివి. బట్టీ జవాబులు తెలిసిపోతాయి. ఇంట్లో టైమర్ పెట్టుకుని గట్టిగా మాట్లాడి ప్రాక్టీస్ చేయండి.

డబ్బు, వీసా

2024 ప్రభుత్వ లెక్కల్లో పీటీల మీడియన్ జీతం ఏడాదికి లక్ష డాలర్లకి కాస్త పైన, ఓటీలది కాస్త కింద. డీపీటీ ఖర్చు ప్రైవేటు స్కూల్లో దానికంటే చాలా ఎక్కువ అవ్వొచ్చు. ఫెడరల్ లోన్ల నియమాలు కూడా మారాయి. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. గ్రాడ్యుయేట్ కోర్సులకి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్ల పరిమితి. 'ప్రొఫెషనల్' అని గుర్తించిన డిగ్రీలకి 50,000, రెండు లక్షలు. మీ ప్రోగ్రాము ఏ కోవలోకి వస్తుందో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి, ఫోన్ మాట నమ్మొద్దు.

హెచ్4 మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ లోన్లు రావు, 21 నిండితే ఎఫ్1కి మారాలి. షీట్‌లో ఇంకో గడి పెట్టి, అంతర్జాతీయ విద్యార్థులని తీసుకుంటారా, ఇన్‌స్టేట్ ఫీజు ఇస్తారా అన్నది రాసుకోండి. ఒక మంచి విషయం: పీటీ ఉద్యోగం నర్సింగ్‌తో పాటు 'షెడ్యూల్ ఏ' జాబితాలో ఉంది, కాబట్టి గ్రీన్‌కార్డ్‌లో ఆ పనికి ఇక్కడివాళ్ళు దొరకడం లేదని చూపించే లేబర్ సర్టిఫికేషన్ మెట్టు దాదాపు తప్పుతుంది. వీసా నంబర్ల క్యూ మాత్రం తప్పదు. ఓటీ, స్పీచ్ ఆ జాబితాలో లేవు.

ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవాళ్ళు కోర్సువారీ ఎవాల్యుయేషన్ చేయించుకోవాలి. ప్రీరెక్విజిట్‌లు ఇక్కడి కాలేజీల్లోనే చేసి ఉండాలనే స్కూళ్ళు ఎన్నో. ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసినవాళ్ళ దారి వేరు, దాన్ని దీనితో కలపకండి.

సీటు రాకపోతే

మే నెలలో ప్రతి స్కూలుకీ మూడు లైన్ల ఈమెయిల్ రాయండి: నా అప్లికేషన్‌లో బలహీనంగా ఉన్నదేమిటి, వచ్చేసారికి ఏది మారిస్తే లాభం? అందరూ జవాబివ్వరు, ఇచ్చినవాళ్ళు సూటిగా చెబుతారు. గంటలు తక్కువంటే వేసవిలో సరిపోతుంది. సైన్స్ జీపీఏ అంటే పై స్థాయి కోర్సులు రెండు మూడు చేసి ఏలు తెచ్చుకోండి. ఆ ఏడాది ఖాళీగా ఉండకుండా రిహాబ్ టెక్‌గానో పీటీ ఎయిడ్‌గానో పనిచేయండి. జీతం తక్కువే. మంచాలు తుడవడం, టవళ్ళు మడతపెట్టడం, ఐస్ ప్యాక్‌లు మార్చడం. కానీ రోజుకి ఎనిమిది గంటలు పేషెంట్ల మధ్యే ఉంటారు, లెటర్ రాసేవాళ్ళు పక్కనే ఉంటారు. మా క్లినిక్‌లో టవళ్ళు మడతపెట్టిన ఒకమ్మాయి ఇప్పుడు డీపీటీ రెండో ఏడాదిలో ఉంది. మొదటిసారి అప్లై చేసిన ఏడు స్కూళ్ళూ కాదన్నాయి. రెండోసారి నాలుగింటికే పంపింది, అన్నీ ఈ షీట్ నింపాక ఎంచుకున్నవే.